సేవ చేయగోరు సోదరీమణులకు ఒక మాట

మధ్యాహ్న భోజనములైన పిదప గిన్నెలు కడిగి బోర్లించి, వంటయింటి తలుపు దగ్గరకు వేసి కూర్చుండినప్పుడు మనలో పలువురకు ఒక తలపు వచ్చుచుండును. "ఇంటిపని ఎన్నడును ఉండునదే. ఇంటికి వెలుపల నలుగురకు ఉపకరించు పని యొకటి నేనును చేయగలనా?" అని. ఆ తలపు వచ్చుటయు, పొయ్యిమీది పాలు పొంగుటయు ఒక్క నిమిషముననే జరుగును. పాలు దించి వచ్చునప్పటికి తలపు చల్లారియుండును. పెండ్లియై కాపురమునకు వచ్చిన పదునాలుగేండ్లు నాకును ఇట్లే గడచినవి. నిరుడు మాత్రము ఆ తలపు చల్లారలేదు. ఏల చల్లారలేదో, దానివలన నేను నేర్చుకొన్నదేమో, నావలె పని వెదకుకొను సోదరీమణులకు పనికివచ్చునేమో యని వ్రాయుచున్నాను.

మావారు ఉపాధ్యాయులు. గుంటూరు సీమలో నల్లరేగడి నేలల నడుమనున్న పల్లెలో మా కాపురము. కార్తికము మొదలు పత్తితీత, సంక్రాంతి దాటగానే మిరపకోత. ఈ రెండు పనులును ఆడువారి చేతులమీదనే నడచును. మిరపకోతకు ఊరి కూలీలు చాలరు. అందుచేత ఏటేట కర్నూలు సీమ పడమటి పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములే లారీలలో వచ్చి, చేలగట్లమీద పట్టాలతో గుడారములు వేసికొని నెలల తరబడి నిలుతురు. అచటివారు దీనిని 'సుగ్గికి పోవుట' అందురు. సుగ్గి యనగా వెనుకటికి పంట యింటికి వచ్చు సంబరము. ఊరు విడిచి కూలికి పోవుట యని ఆ మాటకు ఇప్పుడు అర్థము వచ్చినది. పెద్దలతోపాటు పిల్లలును వత్తురు. కాస్త పెద్దపిల్లలు కోతకు పోదురు. అంతకంటె చిన్నవారు చంటిబిడ్డలను ఎత్తుకొని గుడారములకు కాపలా యుందురు.

నిరుడు సంక్రాంతి వెళ్ళిన వారమునకు, మావారు మరచిపోయిన కళ్ళజోడు ఇచ్చుటకై బడికి పోతిని. మూడవ తరగతి కిటికీ వెలుపల, చంకను ఏడాది బిడ్డ నెత్తుకొని తొమ్మిదేండ్ల పిల్ల యొకతె నిలుచుండియుండెను. లోపలి పిల్లలు ఏడవ ఎక్కము అప్పగించుచుండగా ఈ పిల్ల పెదవులును వారితోపాటు కదలుచుండెను. నన్ను చూచి, ఏదో తప్పు చేసి పట్టుబడినట్లు, బిడ్డను అదిమిపట్టుకొని చేలవైపు పరుగెత్తిపోయెను.

ఆ రాత్రి మావారి నడిగితిని. "చేర్చుకొనుటకు మాకేమి అభ్యంతరము? ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్ల వరకు గల పిల్లలందరకు చదువు హక్కని 2009వ సంవత్సరపు చట్టమే చెప్పుచున్నది. కాని అది బడికి వచ్చినయెడల చంకలోని బిడ్డను ఎవరు చూతురు?" అనిరి. చట్టము బడి తలుపు తెరచినది గాని చంకలోని బిడ్డను దింపలేకపోయినది. అచట మనుష్యుల చేతులే కావలయును. నా కప్పుడు సేవ యన్న మాటకు అర్థము కొంత తెలిసినది.

మరునాటినుండి పని వెదకుట మొదలుపెట్టితిని. మొదట పట్టణములోని యొక సంఘమునకు పోతిని. దాని పేరు చెప్పను. అచటివారు నన్ను ఆదరించి, సభకు వచ్చిన అతిథులకు పూలమాలలు అందించు పని నాకు ఒప్పగించిరి. అందించితిని. ఫోటో తీసిరి. "మరల ఎప్పుడు రమ్మందురు?" అని యడుగగా, "వచ్చే ఏడాది మహిళాదినోత్సవానికి రండి" అనిరి. మరియొకచోట దుప్పట్లు పంచిరి. మాఘమాసపు చలిలో దుప్పటి మంచిదే. కాని పంచినవారిలో ఒక్కరును పుచ్చుకొన్నవారి పేరైనను అడుగలేదు. ఆనాడు బస్సులో తిరిగి వచ్చుచు, నా బోటివారికి ఈ పనులు రావు కాబోలు ననుకొంటిని.

తుదకు నాకు త్రోవ చూపినది మా వీధి అంగన్‌వాడీ కార్యకర్త. మన దేశమున 1975లో ఈ శిశుసంరక్షణ పథకము మొదలైనది లగాయతు పల్లెలో ఏ ఇంట ఏ బిడ్డ బరువు తగ్గినదో, ఏ గర్భిణికి రక్తము తక్కువో తెలిసిన మనిషి ఈమెయే. నా కథ విని నవ్వి, "అమ్మగారూ, పని వెదుకుతూ మీరు బస్సెక్కి పోయారు. పని మన చెరువుకట్ట కిందే ఉంది. పక్క ఊరి పిల్లలు నలుగురైదుగురు సంఘంగా చేరి గుడారాల పిల్లలకి చదువు చెబుతున్నారు. వాళ్ళకి మనుషులు చాలడం లేదు" అనెను.

పోతిని. వేపచెట్టు క్రింద ఒక నల్లబల్ల, రెండు చాపలు, ఇరువది మంది పిల్లలు. చంటిబిడ్డలకొరకు కొమ్మకు చీరలతో కట్టిన ఉయ్యాలలు మూడు. ఊపుటకు ఒక ముసలమ్మ. ఆ సంఘపు పెద్ద యని చెప్పదగిన కుర్రవాడు ఇరువదియైదేండ్లు దాటనివాడు. "మీరేం ఇవ్వగలరమ్మా?" అని యడిగెను. "ఏదైనను సరే నాయనా" అంటిని. అతడు తల యూపి, "ఏదైనా అంటే మాకు పనికిరాదమ్మా. వారానికి ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని గంటలు, ఎప్పటిదాకా? అది చెప్పండి" అనెను. అప్పటివరకు నన్నెవరును ఈ ప్రశ్న యడుగలేదు. నన్ను నేనును అడుగుకొనలేదు. ఆలోచించి, "సోమ బుధ శుక్రవారములు, మూడుగంటలనుండి ఐదు వరకు, కడపటి కోత అయ్యేదాకా" అంటిని. అతడు పుస్తకములో వ్రాసికొనెను.

ఇంటివద్ద మా అత్తగారు, "మనింట్లో పిల్లలకి తల దువ్వే తీరిక లేదు గాని, ఊళ్ళో పిల్లలకి ఓనమాలా?" అనిరి. ఆమె మాటలో తప్పులేదు. అందుచేత ఆ మూడు దినములును పెందలకడనే లేచి పని ముగించుకొంటిని. మాపటి కాఫీ మావారు పెట్టుకొనుటకు ఒప్పుకొనిరి. ఒక్క సంగతిలో మాత్రము జాగ్రత్తపడితిని. నేను సేవకు పోవుచు నా ఇంటిపని నా కూతురి తలమీద పెట్టరాదు. ఒక పిల్ల చంకలోని బరువు దింపబోయి మరియొక పిల్ల చంకకెత్తుట సేవ కానేరదు.

ఈ పని మన సీమకు క్రొత్తది కాదు సుమా. ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుంటూరులో 1902లో వితంతు శరణాలయము స్థాపించిరి. పిమ్మట 1922లో ఆయనయు, ఆయన భార్య లక్ష్మీబాయమ్మగారును ఆడపిల్లల చదువుకొరకు శారదానికేతనము నెలకొల్పిరి. 1921లో చీరాల పేరాల ప్రజలు పురపాలకపు పన్ను లొల్లక వేలకొలది ఇండ్లు విడిచి, రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి కాపురముండినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు వాలంటీర్లు వారికి అండగా నిలిచిరి. బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మగారు 1931లో స్త్రీ హితైషిణీ మండలి స్థాపించిరి. 'గృహలక్ష్మి' పత్రికలో శారద తన నెచ్చెలి కల్పలతకు వ్రాసినట్లుగా ఆమె వ్రాసిన శారద లేఖలు మన అమ్మమ్మల తరము ఇండ్లలో ఆసక్తితో చదువుకొన్నవి. వ్రాసిన చేతితోనే ఆమె మండలి పనియు నడపెను.

పొరుగు సీమలలో ఇంకను ఉన్నది. 1923లో కాకినాడ కాంగ్రెసు సభలకు పదునాలుగేండ్ల దుర్గాబాయి స్వచ్ఛంద సేవికయై ప్రదర్శనశాల వాకిట నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే లోనికి పోనీయక ఆపెను. ఆమెకు ఒప్పగించిన పని టిక్కెట్టు చూచుట, చూచినది. వాకిటి పనిని అంత నిష్ఠతో చేసిన పిల్లయే 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించినది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైనది. ఇక ప్రకాశముజిల్లాకు ఆనుకొనియున్న నెల్లూరుజిల్లాలో 1990 తరువాత సంపూర్ణాక్షరాస్యత యుద్యమము నడచినప్పుడు, జీతము లేని వాలంటీర్లు రాత్రివేళ లాంతరు వెలుగులో ఆడవారికి అక్షరములు నేర్పిరి. ఆ చదువులనుండియే దూబగుంట గ్రామపు స్త్రీలు, రోశమ్మ ముందు నడువగా, ఊరిలో సారా అంగడి మూయించిరి. అది జిల్లా యంతట, రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరు 1వ తేదినుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. ఓనమాలు దిద్దించినవారికి ఆ మొదటి రాత్రి ఇంత జరుగునని తెలియునా?

ఎవరికి ఏ పని తగునను విషయములో మన భారతమే దారి చూపుచున్నది. ధర్మరాజు రాజసూయము చేసినప్పుడు బంధువులకు పనులు పంచిపెట్టెను. భోజనముల పని దుశ్శాసనునకు, బ్రాహ్మణులను ఆదరించుట అశ్వత్థామకు, వ్యయము చూచుట ధర్మజ్ఞుడగు విదురునకు. రాజులు తెచ్చిన కానుకలు పుచ్చుకొను పని దుర్యోధనునకు వచ్చెను. శ్రీకృష్ణుడు అతిథుల పాదములు కడుగు పనిని తానే తీసికొనెను. కానుకలు పుచ్చుకొన్నవాని కడుపు మండెను. పాదములు కడిగినవాడు అగ్రపూజ లందెను. సంఘములలో పనులు పంచుకొనునప్పుడు ఈ కథ మరువరాదు. వేదికమీది పని కొందరకే కావలయును. లెక్క వ్రాయుట, పుస్తకములకు అట్టలు వేయుట, ముసలివారికి ఉత్తరములు చదివి వినిపించుట, ఆసుపత్రిలో చీటీ పట్టుకొని వరుసలో నిలుచుట, ఈ పనులకు మనుష్యులు ఎప్పుడును చాలరు.

ఇక నా తప్పు చెప్పవలయును. వేపచెట్టు క్రింద నేను రెండవ వారము చదువు చెప్పుచుండగా, కిటికీ వద్ద చూచిన పిల్ల వచ్చెను. చంకలోని బిడ్డను ఉయ్యాలలో వేసి, నా ఎదుట కూర్చుండి, ఏడవ ఎక్కము తప్పులేకుండ చెప్పెను. వినికిడి చదువే; పలకమీద ఏడు వ్రాయుట రాదు. నెల తిరుగకుండ గుణింతములలోనికి వచ్చెను. ఫాల్గుణమాసమున మా బంధువులయింట పెండ్లి వచ్చినది. బుధ శుక్రవారములు రెండును మానితిని. కబురు చేయుటకు తోచలేదు. జీతము లేని పనికి సెలవు చెప్పుకొననేల యన్న భావము మనసు మూల నుండెనేమో.

సోమవారము పోగా ఆ పిల్ల లేదు. రెండు దినములును పలక ఒడిలో పెట్టుకొని చీకటిపడువరకు కూర్చుండినదని ముసలమ్మ చెప్పినది. గుడారమునకు పోతిని. పిల్ల కోతకు పోయినది. తండ్రి మర్యాదగానే మాటలాడెను. "మీరు రాలేదు గదమ్మా, సదువు ఆగిపాయెననుకొంటిమి. కోతకు ఇంకో చెయ్యి కావల్సొచ్చె" అనెను. పొద్దుగూకినప్పుడు పిల్ల వచ్చెను. మిరపకాయ ఘాటుకు వ్రేళ్ళు మండుచుండగా చేతులను మట్టిలో రుద్దుకొనుచు, "యాల రాలేదమ్మా?" అని యడిగెను. పెండ్లి యని చెప్పుటకు నాకు నోరు రాలేదు.

సోదరీమణులారా! మనము దానము చేయుచున్నామనుకొందుము. ఎదుటివారు మన మాటను నమ్మి తమ దినమును మార్చుకొందురు. పనిని అసలే మొదలుపెట్టనివాడు వారికి చేయు నష్టముకంటె, మొదలుపెట్టి చెప్పకుండ మానినవాడు చేయు నష్టమే యెక్కువ. ఆ సాయంకాలము నేను ఆ తండ్రికి క్షమాపణ చెప్పుకొంటిని. మూడు దినములు వరుసగా పోయి అడుగగా, నాలుగవనాడు సగము పూట పంపుట కొప్పుకొనెను. కోల్పోయిన నమ్మకమును కొంత మాత్రమే తిరిగి సంపాదించుకొంటిని.

కాబట్టి పనికోరు సోదరీమణులకు నేను మనవి చేయునది యిది.

మొదట మీ యింటికి నడచిపోగలిగినంత దూరములో వెదకుడు. దూరపుపని వానకు, జ్వరమునకు, చుట్టములకు ఆగిపోవును. ఎవరిని అడుగవలెనందురా? అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశా కార్యకర్తను, బడి ప్రధానోపాధ్యాయుని, శాఖాగ్రంథాలయపు ఉద్యోగిని, పొదుపు సంఘపు స్త్రీలను అడుగుడు. "నేనేమి చేయుదును?" అని కాక, "మీకు ఏ గంటలో మనిషి తక్కువ?" అని యడుగుడు. గ్రంథాలయమన్న చిన్నపని కాదు. 1918లో వేటపాలెమున పుట్టిన సారస్వతనికేతనమును ఊరివారి ఆసక్తియే పెంచినది. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. నేడు అది బాపట్లజిల్లాలోనున్న పేరుపొందిన పుస్తకభాండారము.

రెండవది: సంఘమును పరీక్షించుటకు సిగ్గుపడకుడు. సంఘముల రిజిస్ట్రేషనుకు మన రాష్ట్రమున 2001వ సంవత్సరపు చట్టమున్నది. సంఘము రిజిస్టరైనదా, ఏటేట లెక్కలు తనిఖీ యగుచున్నవా, సభ్యులకు చూపుదురా యని యడుగుడు. మంచివారు సంతోషముతో చూపుదురు. అడిగినందుకు కోపించువారివద్ద మీకు పనిలేదు. చిన్న సంఘమై రిజిస్టరు కాకున్నను, వచ్చిన ప్రతి రూపాయి వ్రాయు పుస్తకమున్నదా యని చూడుడు. పిల్లలున్నచోట ఒంటరిగా వారిని ఎవరివద్దను విడువని నియమమున్నదా యని మరి జాగ్రత్తగా చూడుడు. ఏ పిల్లకైనను హాని జరుగుచున్నదని తోచినయెడల 1098 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. బీదపిల్లల ఫోటోలు తీసి పదిమందికి పంపకుడు. మన పిల్లల నట్లు పంపుదుమా?

మూడవది: బయటికి పోవుటకు వీలులేనివారికిని పని గలదు. రక్తదానము ఏడాదికి ఒకటి రెండు పూటల పని. పదునెనిమిది మొదలు అరువదియైదేండ్ల లోపు వయస్సు, నలువదియైదు కిలోలకు తక్కువ గాని బరువు, రక్తములో హీమోగ్లోబిను పన్నెండున్నర గ్రాములు ఉన్న ఆరోగ్యవంతురాలు నాలుగు నెలల కొకసారి ఈయవచ్చును. గర్భిణులును బాలింతలును ఈయరాదు. మనలో పలువురకు రక్తము తక్కువ. పరీక్షలో అది బయటపడినను మేలే గదా!

నాలుగవది: తక్కువ మాట యిండు, ఇచ్చినది నిలుపుడు. వారమునకు ఒక్క గంట చాలును. రాలేనినాడు ముందుగా కబురు చేయుడు. మానదలచిన, మరియొకరిని మీ చాపమీద కూర్చుండబెట్టి మానుడు.

చైత్రము వచ్చినది. కడపటి కోత అయినది. కల్లములలో కాయలు ఎండినవి, బస్తాలు గుంటూరు యార్డుకు తరలినవి, గుడారములు విప్పబడినవి. లారీ ఎక్కుటకు ముందు ఆ పిల్ల వచ్చి, నల్లబల్లమీద తన పేరును, తన ఊరి పేరును వ్రాసి చూపెను. ఊరి పేరులో ఒక వత్తు తప్పినది. దిద్దితిని. పలకను తీసికొనిపొమ్మంటిని. "వద్దమ్మా, ఆడ పగిలిపోతాది. నీ తాననే పెట్టు. మళ్ళ సుగ్గికి వస్తా గదా" అనెను.

పలక నాయొద్ద నున్నది. మరల సుగ్గికి రాకుండ ఆ పిల్ల తన ఊరి బడిలోనే చదువుకొనవలయునని నా కోరిక. వచ్చెనా, సోమ బుధ శుక్రవారములు మూడుగంటలకు నేను వేపచెట్టు క్రింద నుందును. ఈ యేడు మా బంధువులయింట పెండ్లి ఉన్నది. ఆదివారము పోయి, ఆదివారమే వత్తునని అప్పుడే చెప్పితిని.